మా ఇంటికి అక్క వచ్చిన ఏడాది

నాకు 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది. 2017లో చట్టం మార్చాక మొదటి ఇద్దరు పిల్లలకీ అంత సెలవు ఇవ్వాలి కాబట్టి ఆఫీసులో ఎవరినీ బతిమాలుకోవాల్సిన అవసరం రాలేదు. కాన్పుకి ముందు 2 వారాలు వాడేశాను, 24 మిగిలాయి. అంటే పాపకి అయిదున్నర నెలలు వచ్చేసరికి నేను పంజగుట్ట ఆఫీసుకి వెళ్లిపోవాలి. 50 మంది, ఆపైన పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని కూడా అదే చట్టం చెప్పింది. మా ఆఫీసులో ఉన్నది 30 మందిమి. మా అమ్మ తెనాలిలో మోకాలి ఆపరేషన్ చేయించుకుని మంచం దిగలేకుండా ఉంది. అత్తయ్య మూడు నెలలు మాతో ఉండి, ఊళ్లో మామయ్యగారు ఒక్కరే ఇబ్బంది పడుతున్నారని వెళ్లిపోయారు. ఇక కేపీహెచ్‌బీలో మూడో అంతస్తు ఇంట్లో మిగిలింది మేమిద్దరం, పాప.

ఒక ఏజెన్సీని అడిగితే ముందు ఒక నెల జీతం కమీషన్‌గా కట్టమన్నారు, ఎవరిని పంపుతారో మాత్రం చెప్పలేదు. చివరికి మా వాచ్‌మన్ భార్య ద్వారా ముగ్గురు వచ్చారు. మొదటి ఇద్దరూ అన్నిటికీ తల ఊపారు. వంట చేస్తారా అంటే చేస్తాం, గిన్నెలు తోముతారా అంటే తోముతాం. మూడో ఆవిడ చెప్పులు గుమ్మం బయట విడిచి, పాపని కాసేపు చూసి, "వంటా గిన్నెలూ నేను సెయ్యనమ్మా. గుంటని సూసుకుంటాను, గుంట బట్టలు ఉతుకుతాను. అంతే" అంది.

మాది తెనాలి. మా వైపు గుంట అంటే గొయ్యి. ఒక్క క్షణం అర్థం కాలేదు. శ్రీకాకుళం వైపు ఆడపిల్లని ముద్దుగా అలా అంటారని ఆవిడే చెప్పింది. పలాస దగ్గర పల్లెటూరు, పెళ్లికి ముందు జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసిందట. ఇప్పుడు ఉండేది జగద్గిరిగుట్టలో. ముగ్గురు పిల్లల్ని పెంచింది. మా ఆయనకి ఆ మాట తీరు కటువుగా అనిపించింది. నాకు మాత్రం నచ్చింది. చెయ్యలేనిది చెయ్యలేనని మొదటి రోజే చెప్పే మనిషి, రేపు పాప విషయంలో కూడా ఉన్నది ఉన్నట్టు చెబుతుందనుకున్నాను. ఆవిడ నాకంటే పదిహేనేళ్లు పెద్ద. అక్కా అని పిలిచాను, మీరు అన్నాను. ఇక్కడ కూడా అక్క అనే రాస్తున్నాను. ఆవిడని అడక్కుండా పేరు రాయడం నాకిష్టం లేదు.

జీతం 18,000. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా. ఆదివారాలు సెలవు, నెలకి ఇంకో రోజు జీతం కొయ్యని సెలవు, సంక్రాంతికి వారం. మధ్యాహ్నం పాప పడుకున్నప్పుడు అక్క కూడా పడుకోవచ్చు. ఇవన్నీ మాటల్లోనే కాకుండా ఒక కాగితం మీద రాసి, చదివి వినిపించి, ఒకటి ఆవిడకిచ్చి, ఒకటి నేను ఉంచుకున్నాను. ఆధార్ కాపీ తీసుకుని పోలీసుల హాక్ ఐ యాప్‌లో వివరాలు పెడతానని కూడా ముందే చెప్పాను. "ఎట్టుకోండమ్మా, అందరూ ఎడతారు" అంది.

ఆఫీసు మొదలయ్యేదానికి మూడు వారాల ముందు నుంచే రమ్మన్నాను. ఆ మూడు వారాల జీతం దండగ అని కొందరన్నారు. పాపకి ఆవిడ ఒళ్లు అలవాటు కావాలన్నా, నేను లేనప్పుడు ఇల్లు ఎలా నడుస్తుందో తెలియాలన్నా నాకు వేరే దారి కనిపించలేదు. ఇప్పటికీ ఆ డబ్బు సరిగ్గా ఖర్చుపెట్టాననే అనుకుంటాను.

కానీ ఆ మూడు వారాల్లో నేను ఆవిడ వెనకాలే తిరిగాను. ఇలా ఎత్తుకోండి, అలా కాదు, ఆ గుడ్డ కాదు, ఈ గుడ్డ. రెండు పేజీల జాబితా రాసి ఫ్రిజ్ మీద అంటించాను. ఆవిడ ఒక్కసారి కూడా దాని వైపు చూడకపోతే లెక్కలేనితనం అనుకున్నాను. ఆవిడ చదివింది మూడో తరగతి. పెద్ద అక్షరాలైతే కూడబలుక్కుంటుంది, నా గొలుసుకట్టు రాత ఆవిడకి అందదు. ఆ సంగతి అడగాల్సింది నేను, అడగలేదు. తెలిశాక జాబితా తీసేశాను. పాల విషయం మాత్రం ముఖ్యం కదా. నేను పిండి పెట్టే పాలు ఫ్రిజ్‌లో నాలుగు రోజుల వరకు ఉంటాయి, బయట అయితే నాలుగు గంటలే, హైదరాబాద్ ఎండల్లో అంత కూడా నమ్మలేం. ఏ సీసా ముందు వాడాలో తెలియడానికి తేదీలు రాసేదాన్ని. వాటి బదులు రంగు రబ్బరు బ్యాండ్లు వేశాం. ఎర్రది ముందు, పచ్చది తరవాత. స్టవ్ మీద పెట్టకుండా వేడినీళ్ల గిన్నెలో సీసా ఉంచి వెచ్చబెట్టడం ఒక్కసారి చేసి చూపించాను. ఆ తర్వాత ఒక్క పొరపాటు జరగలేదు.

అసలు గొడవ స్నానం దగ్గర వచ్చింది. అక్క ఒళ్లంతా చక్కగా నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని, చివర్లో పాప ముక్కులో, చెవుల్లో రెండేసి చుక్కలు వెయ్యబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపి, "మీ ఊళ్లో వేస్తారేమో, ఇక్కడ అవన్నీ వద్దు" అన్నాను. నూనె వద్దనడంలో తప్పు లేదు. మీ ఊళ్లో అన్న మాటే తప్పు. ముగ్గురు పిల్లల్ని బతికించి పెంచిన మనిషిని అంత తేలిగ్గా పక్కన పెట్టేశాను. ఆ రోజు నుంచి ఆవిడ అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పేది.

ఆరు నెలలు నిండాక ఫ్లూ టీకాకి వెళ్లినప్పుడు అక్కని కూడా తీసుకెళ్లాను. చంటిదాన్ని రోజంతా చూసుకునేది ఈవిడేనని డాక్టరుగారితో చెప్పాను. ఆయన కుర్చీ తిప్పుకుని ఆవిడతోనే మాట్లాడారు. ఒంటికి మర్దన మంచిదే, ముక్కులో నూనె వేస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది అన్నారు. రాగి జావ చెంచా నుంచి జారిపోనంత చిక్కగా ఉండాలి, ఏడాది నిండేదాకా ఉప్పు, పంచదార వద్దు, తేనె అసలు నాకించొద్దు, అందులో ఉండే ఒక రకం సూక్ష్మక్రిమిని పసిపేగు తట్టుకోలేదు అని కారణంతో సహా చెప్పారు. "మీరేమైనా గమనించారామ్మా?" అని అడిగారు. అక్క నా వైపు చూసి, కాస్త ఆగి, పాప మోకాళ్ల వెనక వచ్చే ఎర్ర దద్దుర్లు బట్టలు వాసన మందులో నానబెట్టిన మర్నాడే వస్తున్నాయని చెప్పింది. మేం వాడే ఫ్యాబ్రిక్ కండిషనర్ సంగతి అది. మానేసి చూడమన్నారు. మానేశాం, వారంలో తగ్గాయి.

దారిలో అడిగాను, ఎప్పుడు కనిపెట్టారు అని. "పది రోజులయ్యిందమ్మా. మీరేటనుకుంటారోనని సెప్పనేదు."

పది రోజులు నా బిడ్డ ఒళ్లు దురదతో ఏడ్చింది. కారణం తెలిసిన మనిషి పక్కనే ఉంది. గుమ్మంలో నిలబడి వంట చెయ్యనని చెప్పగలిగిన మనిషిని మూడు వారాల్లో నోరు విప్పలేకుండా చేశానని ఆ ఆటోలో కూర్చుని మొదటిసారి అనుకున్నాను. ఆ రోజు నుంచి సాయంత్రం రాగానే పాపని ఎత్తుకునే ముందు, పది నిమిషాలు అక్క దగ్గర కూర్చుంటున్నాను. ఎన్నిసార్లు పాలు తాగింది, ఎంతసేపు పడుకుంది అని లెక్క అడగడానికి కాదు, "ఈ రోజు మీకేం కనిపించింది?" అని అడగడానికి. మొదట్లో "ఏటీ నేదమ్మా" అనేది. రెండో వారానికి మాటలు మొదలయ్యాయి. పాలు తాగాక ఎడమ భుజం మీద వేసుకుంటే తొందరగా తేన్పు వస్తుందనీ, ఎదురింటి కుక్క మొరిగితే ఉలిక్కిపడుతోందనీ నాకు తెలిసింది అలాగే.

కెమెరా సంగతి కూడా చెప్పాలి. హాల్లో పెట్టాం, ముందు చెప్పలేదు. వాచ్‌మన్ భార్య చెబితే ఆవిడకి తెలిసింది. ఆఫీసులో భోజనం దగ్గర ఫోన్ చూసుకుంటుంటే, అక్క హాల్లో కూర్చుని తినడం మానేసి వంటింట్లో నిలబడి రెండు ముద్దలు తిని వచ్చేస్తోందని నాకు కనిపించింది. సాయంత్రం అడిగితే, "తింటంటే ఎవులో సూస్తన్నట్టుంటాదమ్మా" అంది. నాకు కన్నీళ్లు వచ్చాయి. చెప్పకుండా పెట్టినందుకు క్షమించమన్నాను. కెమెరా తీసెయ్యలేదు, తీసేస్తే ఆఫీసులో నాకు మనసు నిలవదని ఆవిడకి అలాగే చెప్పాను. దాన్ని తిప్పి పాప ఉయ్యాల, ఆడుకునే చాప మాత్రమే కనపడేలా పెట్టి, నా ఫోన్‌లో ఏం కనిపిస్తుందో ఆవిడకే చూపించాను. మాటలు వినిపించే సదుపాయం ఆపేశాను. సోఫా, భోజనాల బల్ల అందులో లేవని చూసుకున్నాక మర్నాటి నుంచి మళ్లీ కూర్చుని తింది.

అప్పటికి రెండు నెలలైంది. ఒకరోజు మాటల్లో బస్సు ఖాళీ లేదని చెబుతూ టికెట్ సంగతి ఎత్తింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సులో ఉచితమే కదా, జీతం మాట్లాడినప్పుడు కూడా దారి ఖర్చు ఉండదనే లెక్క వేశాను. ఆ ఉచితం తెలంగాణ చిరునామా ఉన్నవాళ్లకి. అక్క ఆధార్‌లో చిరునామా శ్రీకాకుళం జిల్లా. దాని కాపీ నా దగ్గరే ఉంది, చిరునామా నేను చదివాను, అయినా తట్టలేదు. రానూపోనూ రోజుకి 40 రూపాయలు, ఒక్కోరోజు ఆలస్యమైతే ఆటోకి ఇంకా ఎక్కువ, రెండు నెలలుగా తన జీతంలోంచే పెట్టుకుంటోంది. చిరునామా మార్పిద్దామా అంటే వద్దంది. ఊళ్లో రేషన్ కార్డు అత్తగారితో కలిసి ఉంది, అది పోతుందేమోనని భయం. నెలకి 1,000 దారి ఖర్చు విడిగా ఇస్తున్నాం, దాటిపోయిన రెండు నెలలకీ ఇచ్చాం. ఆవిడ అడగలేదు, అడగలేదు కాబట్టి అవసరం లేదనుకోవడం నా అలవాటైంది. ఆ అలవాటు అక్కడితో మానుకున్నాను.

ఇప్పుడు రాయబోయేది రాయడానికి నాకు కష్టంగా ఉంది.

పాపకి ఎనిమిదో నెల. మధ్యాహ్నం రెండింటప్పుడు అక్క ఫోన్ చేసింది. "అమ్మా, గుంట మంచం మీంచి పడిపోనాది. ఏడుస్తంది. నెత్తి మీద బొప్పి కట్టింది" అని వణుకుతున్న గొంతుతో చెప్పింది. నేను అన్న మొదటి మాట "ఎలా పడేశావు? ఏం చేస్తున్నావు నువ్వు?" అన్నది. ఎప్పుడూ మీరు అనే నా నోటి నుంచి ఆ ఒక్క క్షణంలో నువ్వు వచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు. పరుగున మెట్రో ఎక్కాను. పంజగుట్ట నుంచి కేపీహెచ్‌బీ వచ్చేదాకా ఆ ప్రయాణం ఎంత పొడుగో నాకే తెలుసు. ఇంటికి వచ్చేసరికి పాప నవ్వుతోంది. డాక్టరుగారు చూసి ఫర్వాలేదన్నారు, ఆ రాత్రంతా వాంతులు, మగత ఉన్నాయేమో చూసుకోమన్నారు. ఏమీ కాలేదు.

వారం తర్వాత సాయంత్రం చూస్తే పాప కింది పెదవి లోపల చిన్న గాటు. ఎలా తగిలిందని అడిగితే అక్క తల దించుకుని "తెలీదమ్మా" అంది. తెలుసని నాకు తెలుస్తూనే ఉంది. మంచం మీంచి పడినప్పుడు నిమిషంలో ఫోన్ చేసిన మనిషి, స్టీలు గ్లాసు అంచు తగిలితే దాచిపెట్టింది. ఆ దాచడం నేర్పింది నేనే.

ఆ రాత్రి మా ఆయనతో చాలాసేపు మాట్లాడాను. మనిషిని మారుద్దామా అని తను అడిగాడు. మార్చినా కొత్తగా వచ్చే ఆవిడ ఫోన్ ఎత్తి నాకే చెప్పాలి, నేను ఇలాగే అరిస్తే ఆవిడా దాస్తుంది. మర్నాడు అక్క రాగానే కూర్చోబెట్టి, "ఆ రోజు మీరు వెంటనే చెప్పడం చాలా మంచి పని. నేను మాట్లాడిన తీరు తప్పు. నువ్వు అన్నందుకు కూడా క్షమించండి" అన్నాను. ఎవరికీ చెప్పని విషయం ఒకటి కూడా చెప్పాను. పాపకి నాలుగో నెలలో రాత్రి పాలిస్తూ సోఫాలో నిద్రపోయాను, పాప నా ఒళ్లోంచి జారి దిండు మీద పడింది. దిండు లేకపోతే ఏమయ్యేదో. మా అత్తయ్యకి కూడా చెప్పలేదు. అక్క చాలాసేపు నా మొహం చూసింది. తర్వాత తన రెండోవాడు ఏడాది పిల్లాడప్పుడు అరుగు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్న సంగతి చెప్పింది. పెదవి గాటు ఎలా తగిలిందో అప్పుడు చెప్పింది.

ఆ రోజే ఇద్దరం కూర్చుని, ఏదైనా జరిగితే ఏం చెయ్యాలో మాట్లాడుకున్నాం. స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి అందకపోయినా ముందు 108, తర్వాత నేను. దెబ్బ తగిలి వాంతులు చేసుకున్నా, మామూలుగా లేకుండా మగతగా ఉన్నా నా కోసం చూడకుండా ఎదురింటి ఆంటీతో కలిసి ఆస్పత్రికి బయల్దేరాలి. అందుకు 2,000 రూపాయలు పోపుల డబ్బా పక్కన ఉన్న డబ్బాలో ఎప్పుడూ ఉంటాయి. మిగతావన్నీ, ఎంత చిన్నవైనా, నాకు ఫోన్. ఫోన్ ఎత్తగానే నేను అడగాల్సింది "పాప ఎలా ఉంది, మీరెలా ఉన్నారు" అని మాత్రమే. ఇది నాకు నేను పెట్టుకున్న నియమం. మంచం మీద పడుకోబెట్టడం మానేసి నేల మీద పరుపు వేశాం.

పది రోజులకి మీటింగులో ఉండగా ఫోన్. "గుంట బొత్తాము నోట్లో ఎట్టీసుకున్నాది. తీసీసినానమ్మా. దిండు గలీబుది ఊడిపోనాది." చేతులు చల్లబడ్డాయి. "మంచి పని చేశారక్కా, మీరెలా ఉన్నారు?" అన్నాను. "బాగున్నాను" అని నవ్వింది. సాయంత్రం ఇద్దరం కలిసి ఇంట్లో గలీబులన్నిటి బొత్తాలూ తీసి తాళ్లు కుట్టాం.

కొన్ని విషయాలు చిన్నగా చెప్పేస్తాను. కూతురి ఫీజుకి 10,000 అడ్వాన్స్ అడిగితే ఇచ్చాం, నెలకి 2,000 చొప్పున కోస్తామని ముందే అనుకున్నాం కాబట్టి ఎవరికీ మొహమాటం లేదు. జన్‌ధన్ ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రమాద బీమాలో చేర్పించాను. అసంఘటిత కార్మికుల కోసం ఉన్న ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించాను. జ్వరం వస్తే రావద్దని చెప్పాను, జీతం కొయ్యలేదు. జ్వరంతో వస్తే పాపకి అంటుకుంటుంది, ఇది ఆవిడ మీద జాలితో చేసిన పని కాదు.

పాపకి పదో నెల వచ్చేసరికి సాయంత్రం నేను చేతులు చాస్తే అక్క భుజం పట్టుకుని నా దగ్గరికి రాలేదు. ఆ సాయంత్రాన్ని మెట్రోలో తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. అక్కకి నేనేమీ చెప్పలేదు. రెండు రోజుల తర్వాత గేటు దగ్గరికి వస్తూ పైకి చూస్తే, బాల్కనీలో పాపని ఎత్తుకుని నిలబడి నా వైపు వేలు చూపిస్తూ "అదిగో అమ్మ, అదిగో" అంటోంది. అప్పటి నుంచి రోజూ ఆరుంబావుకి ఆ ఇద్దరూ బాల్కనీలో ఉంటున్నారు. పాప నన్ను చూసి చేతులు కొడుతుంది.

సంక్రాంతికి విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో పలాస వెళ్లింది. ఆ వారం నేను సెలవు పెట్టుకున్నాను. వస్తూ కిలో జీడిపప్పు తెచ్చి, డబ్బా మూత పెడుతూ, "ఇవి గుంటకి కాదమ్మా, గొంతులో అడ్డం పడతాది. దానికి పొడి సేసి జావలో ఎడదాం" అని తనే చెప్పింది.

మొన్న ఆగస్టుకి ఏడాది నిండింది. ఆ నెల మొదటి తారీకున పాపకి అన్నం తినిపిస్తూ, తలెత్తి నా వైపు సూటిగా చూసి అడిగింది. "ఏడాదయ్యింది కదమ్మా. ఇప్పుడు ఇది నడుస్తంది, ఎనకాల పరిగెత్తాల. నాకు జీతం పెంచాల."

ఎంత అనుకుంటున్నారు అని అడిగాను. 20,000 అంది. పోయినేడు రాసుకున్న కాగితం తీసి, పాత అంకె కొట్టేసి, పెద్ద అక్షరాలతో కొత్తది రాసి ఆవిడ చేతికిచ్చాను. వేలు పెట్టి అంకెలు ఒక్కొక్కటీ చదువుకుని, మడిచి, జాకెట్లో దోపుకుంది.